మసి నుంచి బయోసెన్సర్ దాకా

కార్బన్ నానోట్యూబులను ఎవరూ రోగ నిర్ధారణ కోసం తయారు చేయలేదు. 1991లో జపాన్‌లోని త్సుకుబాలో, ఎన్‌ఈసీ సంస్థ ప్రయోగశాలలో సుమియో ఇజిమా రెండు గ్రాఫైట్ కడ్డీల మధ్య విద్యుత్ చాపం వెలిగించి, రుణధ్రువం మీద పేరుకున్న మసిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. అందులో సన్నని సూదులు కనిపించాయి. అవి ఒకదానిలో ఒకటి ఇమిడిన కార్బన్ గొట్టాలు. ఒకే గోడ ఉన్న గొట్టాలను 1993లో ఇజిమా బృందమూ, అమెరికాలోని ఐబీఎం పరిశోధకులూ విడివిడిగా కనుగొన్నారు.

బయోసెన్సర్ అంతకు చాలా ముందే ఉంది. 1962లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ ఆక్సిజన్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ ముందు గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమును నిలిపి, రక్తంలోని గ్లూకోజును కొలిచే దారి చూపారు. ఎంజైము గుర్తుపడుతుంది, ఎలక్ట్రోడ్ ఆ గుర్తింపును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఈ రెండో పనికి నానోట్యూబు ఎంతో అనువైనది. ఒకే గోడ గొట్టం వ్యాసం సుమారు ఒక నానోమీటరు. డీఎన్‌ఏ జంట పేట వ్యాసం రెండు నానోమీటర్లు, అంటే రెండూ ఒకే స్థాయివి. గొట్టంలోని ప్రతి కార్బన్ పరమాణువూ ఉపరితలం మీదే ఉంటుంది కనుక, పక్కన చేరిన ఒక్క ఆవేశం కూడా దానిలోని విద్యుత్ ప్రవాహాన్ని కదిలించగలదు.

అయితే మసిలో దొరికిన గొట్టాలు చిక్కుపడిన ముద్దలు. వాటితో పరికరం కట్టడం కష్టం. 1998లో స్టాన్‌ఫోర్డ్‌లో హాంగ్‌జీ దాయ్ బృందం సిలికాన్ పలక మీద కావలసిన చోట ఇనుప ఉత్ప్రేరకాన్ని చుక్కలుగా ఉంచి, దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద మీథేన్ వాయువును పంపి, గొట్టాలను అక్కడికక్కడే పెంచింది. 2000లో అదే బృందం ఒక్క గొట్టంతో నైట్రోజన్ డయాక్సైడ్, అమ్మోనియాలను పసిగట్టింది.

వాయువు తనంతట తానే వచ్చి అంటుకుంటుంది. ఎంజైమును కూర్చోబెట్టడం అలా కాదు, అసలు చిక్కు అక్కడే. ఆమ్లంతో గొట్టం గోడను తొలిచి రసాయన బంధం వేస్తే విద్యుద్వాహకత దెబ్బతింటుంది. 2001లో దాయ్ బృందం దీనికి చక్కని ఉపాయం కనిపెట్టింది. పైరీన్ అనే చదునైన అణువు గొట్టం గోడకు బల్లిలా అంటిపెట్టుకుంటుంది, గోడను పాడు చేయదు. దాని రెండో కొస ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో సీస్ డెకర్ బృందం 2003లో ఇదే పద్ధతితో ఒక్క గొట్టం మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ను నిలిపి, గ్లూకోజ్ కలపగానే వాహకత మారడం చూపింది. ఈ రంగంలో గొట్టాల తయారీకి దక్కినంత పేరు ఈ చిన్న లంకె అణువుకు దక్కలేదు, కానీ నానోట్యూబును జీవరసాయనానికి దగ్గర చేసింది అదే.

రక్తం మరో అడ్డంకి పెట్టింది. అందులోని లవణ అయాన్లు ఉపరితలం నుంచి సుమారు ఒక నానోమీటరు దాటిన ఆవేశాన్ని కప్పేస్తాయి. వెతుకుతున్న అణువును పట్టుకునే యాంటీబాడీ పొడవు దాదాపు పది నానోమీటర్లు కావడంతో, దాని చివర చిక్కిన అణువు సెన్సర్‌కు తెలియదు. నమూనాను పలచన చేయడం, యాంటీబాడీకి బదులు పొట్టి డీఎన్‌ఏ పోగులను వాడడం ఇందుకు దొరికిన మార్గాలు.

ఈలోగా కార్బన్‌కు మరికొన్ని నానో రూపాలు దొరికాయి. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రీ గీమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ గ్రాఫైట్ నుంచి అంటుపట్టీతో గ్రాఫీన్ అనే ఒకే పరమాణువు మందపు పొరను వేరు చేశారు. అదే ఏడాది దక్షిణ కరొలైనాలో చాపపు మసిని శుద్ధి చేస్తుండగా, వెలుగులీనే కార్బన్ రేణువులు బయటపడ్డాయి. వీటినే తర్వాత కార్బన్ చుక్కలన్నారు. ఇప్పుడు వీటిని సిట్రిక్ ఆమ్లాన్ని వేడిచేసి కూడా తయారు చేస్తున్నారు.

గ్రాఫీన్ తయారీని బాగా చౌక చేసింది 2014లో రైస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ టూర్ బృందం చూపిన పద్ధతి. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో పాలిఇమైడ్ ప్లాస్టిక్ మీద గీత గీస్తే, ఆ గీత మేర మామూలు గాలిలోనే గ్రాఫీన్ ఏర్పడుతుంది. లేజర్‌తో చెక్కిన గ్రాఫీన్‌తోనే కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వీ గావ్ బృందం చెమటలోని యూరిక్ ఆమ్లాన్ని, టైరోసిన్‌ను కొలిచింది. ఈ రెండూ ఎలక్ట్రోడ్ మీద నేరుగా ఆక్సీకరణం చెందుతాయి కనుక అక్కడ ఎంజైముతో పనే పడలేదు.