అడుత్త వండి

ఆ పిడకల దండ ఇలా అందుకోరా పెద్దోడా, మంట తగ్గిపోతోంది. భోగి నాడు మంట చల్లారితే మీ నాయనమ్మ ఊరుకోదు. ఆఁ, ఏవన్నావు? లింగంపల్లిలో ఎంఎంటీఎస్ తప్పిపోతే నీ ప్రాణం పోయినట్టుంటుందా? మీ హైదరాబాదుకి ఆ బండి 2003లో వచ్చింది. నేను మద్రాసులో లోకల్ బండి ఎక్కింది 1962లో. అది 1931 నించీ కరెంటు మీద తిరుగుతోంది. నాకంటే పదకొండేళ్ళు పెద్దది!

అప్పట్లో మన చినతిరుపతి నించి రైలుకెళ్ళాలంటే పదిహేను కిలోమీటర్లు, భీమడోలు పోవాలి. బస్సు దొరికితే బస్సు, లేకపోతే ఎడ్లబండి. పాసింజరు తప్పిందా, ఆ పూటకి స్టేషను అరుగే గతి. అయినా ఎవడూ పరిగెత్తేవాడు కాదు. మా నాన్నయితే బండి కనపడ్డాక చుట్ట ఆర్పి, చెవి మీద పెట్టుకుని, కండువా దులిపి, అప్పుడు లేచేవాడు.

1953లో రాష్ట్రం విడిపోయినా మన సినిమాలూ, అచ్చు పనులూ చాలామటుకు మద్రాసులోనే ఉండిపోయాయి. నాకు జార్జిటౌనులో ఓ ప్రెస్సులో అక్షరాలు పేర్చే పని కుదిరింది. ఏలూరులో మెయిలెక్కి సెంట్రల్లో దిగాను. రోడ్డు దాటితే పార్కు స్టేషను. అక్కడి పట్టాలు చూస్తే నవ్వొచ్చింది. మన లైను అయిదున్నర అడుగుల వెడల్పు, వాళ్ళది మీటరే! బొమ్మల కొలువులో పెట్టే బండిలా ఉంది. పొగ లేదు, ఇంజనెక్కడుందో తెలీదు. దానికోసం వెతుకుతుంటే బండి కాస్తా కదిలిపోయింది. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వెనకాల పరిగెత్తాను.

బెంచీ మీద ఓ ముసలాయన, "అడుత్త వండి వరుం, తంబీ" అన్నాడు. ఎవరో వండుకుని వస్తారు కాబోలు, ఊరు మంచిదేనని ఆయన పక్కన కూర్చున్నాను. అన్నం రాలేదు, ఇంకో బండొచ్చింది. తమిళంలో అడుత్త వండి అంటే తరవాతి బండేనట! ఎక్కాక వెనక నించి "తళ్ళి నిల్లుంగ, తళ్ళి నిల్లుంగ" అని ఒకటే గోల. ఎవరి తల్లి నిలబడిపోయిందోనని తిరిగి చూశాను. నన్నే జరిగి నించోమంటున్నారు.

సైదాపేటలో గది. మూడో తరగతి సీజను టిక్కెట్టు. పొద్దున్నే మాంబళం, కోడంబాకం, నుంగంబాకం, ఎగ్మోరు మీదుగా బీచి స్టేషనుకి. మాంబళంలో దిగితే త్యాగరాయనగరు, అందులో పానగల్ పార్కు. ఒకటి పిట్టి త్యాగరాయశెట్టి గారి పేరు, ఇంకోటి పానగల్ రాజాగారి పేరు. ఇద్దరూ మనవాళ్ళే. కోడంబాకంలో రైలొస్తే గేటు పడేది. స్టూడియోలకెళ్ళే కార్లు ఆగిపోయేవి. సినిమావాళ్ళని చూద్దామని జనం అక్కడ కాపు కాసేవారు. నేను మూడో తరగతి తలుపు పట్టుకుని, ఆ కార్లన్నిటి ముందు నించీ జమీందారులా సాగిపోయేవాణ్ణి. తరవాత వంతెన కట్టేశారు, నా జమీందారీ పోయింది.

ఎగ్మోరు నించి తాంబరం దాకా లోకల్ బండ్లకి విడిగా లైనుండేది. ఎక్స్‌ప్రెస్సులకి దారివ్వడం కోసం ఆగక్కర్లేదు. అందుకే ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. మీ బండికి చాలాచోట్ల ఆ వైభోగం లేదు, పెద్ద రైళ్ళతో దారి పంచుకోవాలి.

కానీ ఒకటి నాకు వింతగా ఉండేది. భీమడోల్లో పూటకో బండి, ఎవడూ పరిగెత్తడు. అక్కడ ఇది పోతే కాసేపట్లో ఇంకోటి, అయినా మెట్ల మీంచి అందరూ పరుగే! నెల తిరక్కుండా నాకూ అంటుకుంది. ప్రెస్సు తెరిచేది తొమ్మిదింటికి, నేను బీచిలో దిగేది ఎనిమిదింబావుకి. మిగిలిన ముప్పావు గంటా తాళం వేసిన తలుపు ముందు కూర్చునేవాణ్ణి! ఓ సాయంత్రం కదిలే బండెక్కబోతే ఎడం చెప్పు జారి పట్టాల మీద పడింది. కొత్త చెప్పులు, ఏలూరులో కొన్నవి. సైదాపేటలో ఒంటిచెప్పుతో కుంటుకుంటూ నడుస్తుంటే, మొదటిరోజు ముసలాయన మాట చెవిలో మోగింది.

నాన్న పోయాక పొలం చూసుకోడానికి వచ్చేశాను. ఆ లైను మీద మీటరు గేజి బండి 2004లో ఆగిపోయిందట, ఇప్పుడన్నీ పెద్ద పట్టాలే.

ఏవిట్రా, మాటిమాటికీ ఫోను చూస్తావు? ఎల్లుండి సాయంత్రమే ఏలూరులో రైలా? ఎల్లుండి కనుమరా! ఆ రోజు కాకి కూడా కదలదంటారు. మీ నాయనమ్మ గారెలకి మినప్పప్పు కొలిచి పెట్టుకుంది. ఆ టిక్కెట్టు సంగతి మళ్ళీ చూడు.

అడుత్త వండి వరుం, తంబీ.