జర్నీమ్యాన్ కెరీర్: 13 జట్లు తిరిగిన ఇష్ స్మిత్.. ఎన్‌బీఏ డ్రాఫ్ట్ దాకా వెళ్లి ఆగిపోయిన సత్నామ్ సింగ్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు కుర్రాళ్లు ఫోన్‌లో ఎన్‌బీఏ క్లిప్పులు చూస్తే కనిపించేది లెబ్రాన్ జేమ్స్, స్టీఫెన్ కర్రీ లాంటి పెద్ద పేర్లే. కానీ ఆ 30 జట్ల బెంచీల మీద కూర్చునే మిగతా వాళ్ల కథ వేరు. ఈ ఏడాది ఒక ఊరు, వచ్చే ఏడాది ఇంకో ఊరు. ఒక్కోసారి ఒకే సీజన్‌లో రెండు మూడు జెర్సీలు. అమెరికాలో వీళ్లను జర్నీమ్యాన్ అంటారు.

మాటలో జర్నీ ఉంది కదా అని ప్రయాణం అనుకుంటారు చాలామంది. అసలు అర్థం అది కాదు. ఫ్రెంచ్‌లో రోజు అనే మాట నుంచి వచ్చింది. పాతకాలం యూరప్‌లో పని పూర్తిగా నేర్చుకుని, సొంత దుకాణం పెట్టుకోలేక, రోజు లెక్కన కూలికి వెళ్లే పనివాణ్ని అలా పిలిచేవారు. మేస్త్రీ కాదు, కొత్తగా చేరిన కుర్రాడూ కాదు. పని వచ్చినోడే, పని ఇచ్చే చోటే ఖాయంగా ఉండదు. బాస్కెట్‌బాల్‌లోనూ అదే లెక్క.

ప్రతి బదిలీలో కొసరు

ఈ తరహా కెరీర్‌కు ఇష్ స్మిత్‌ను మించిన ఉదాహరణ లేదు. ఎత్తు ఆరడుగులే. ఎన్‌బీఏలో అది పొట్టి కిందే లెక్క. 2010 డ్రాఫ్ట్‌లో జట్లు 60 మందిని ఎంచుకుంటే అందులో అతని పేరు లేదు. హ్యూస్టన్ రాకెట్స్ మామూలు ఒప్పందం మీద తీసుకుంది. ఏడాది తిరగకముందే, 2011 ఫిబ్రవరిలో షేన్ బ్యాటియేను మెంఫిస్‌కు పంపుతూ అతనితో పాటు స్మిత్‌నూ పంపేసింది. 2013 ఫిబ్రవరిలో జె.జె. రెడిక్‌ను ఓర్లాండో నుంచి మిల్వాకీకి మార్చినప్పుడూ అదే జరిగింది. కూరగాయల బండి దగ్గర కొసరు వేసినట్టు, పెద్ద పేరు బదిలీ అయినప్పుడల్లా స్మిత్ పేరు పక్కన చేరేది.

2015 డిసెంబరు 24న, అంటే సరిగ్గా క్రిస్మస్ ముందు రోజు, న్యూ ఓర్లీన్స్ అతన్ని ఫిలడెల్ఫియాకు ఇచ్చేసింది. బదులుగా తీసుకున్నది ఆటగాణ్ని కాదు, రాబోయే డ్రాఫ్టుల్లో రెండు రెండో రౌండ్ అవకాశాలు. పండగ పూట పెట్టె సర్దుకోవాల్సి వచ్చింది. అయితే చేజారినవాణ్ని అడిగి మరీ వెనక్కి తెచ్చుకున్న జట్టు ఫిలడెల్ఫియా. అంతకుముందు సీజన్‌లో అతను అక్కడే ఆడాడు. ఆ కొన్ని నెలల్లో ఎక్కువ సమయం కోర్టు మీద ఉండే అవకాశం దొరికింది, ఆటా కనిపించింది. 2016లో డెట్రాయిట్ పిలిచి మూడేళ్లకు 1.8 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. అప్పటికి లీగ్‌లోకి వచ్చి ఆరేళ్లు.

2022లో వాషింగ్టన్ నుంచి డెన్వర్‌కు వెళ్లాడు. ఈసారి కెంటావియస్ కాల్డ్‌వెల్-పోప్ పక్కన. డెన్వర్ అతనికి 13వ జట్టు. అప్పటిదాకా 12 జట్లతో రికార్డు పంచుకున్న చకీ బ్రౌన్, జిమ్ జాక్సన్, టోనీ మాసెన్‌బర్గ్, జో స్మిత్‌లను దాటేశాడు. 2023 జూన్‌లో మయామీని 4-1తో ఓడించి డెన్వర్ చాంపియన్ అయింది. ప్లేఆఫ్స్‌లో స్మిత్ ఆడింది చాలా తక్కువ. కానీ ఉంగరం మాత్రం వచ్చింది.

పది రోజుల ఉద్యోగం

ఇక్కడ ఒక రూల్ తెలుసుకోవాలి. జనవరి 5 తర్వాత ఎన్‌బీఏ జట్లు ఆటగాళ్లతో పది రోజుల కాంట్రాక్ట్ చేసుకోవచ్చు. పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, ఏది ఎక్కువైతే అది. ఒకే జట్టు ఒకే ఆటగాడికి సీజన్‌లో రెండుసార్లే ఇలా ఇవ్వగలదు. ఆ తర్వాత సీజన్ చివరిదాకా తీసుకోవాలి, లేదంటే వదిలేయాలి. దినకూలీ అనే పాత అర్థానికి ఇంతకంటే దగ్గరి ఏర్పాటు ఇంకోటి ఉండదేమో.

భారత సంతతి నుంచి ఎన్‌బీఏ మ్యాచ్ ఆడిన మొదటి వ్యక్తి ఈ దారిలోనే వచ్చాడు. కెనడాలో పుట్టిన ఏడడుగుల ఐదంగుళాల సిమ్ భుల్లర్. 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో కింగ్స్ పది రోజులకు తీసుకుంది. మూడు మ్యాచ్‌లు, అన్నీ కలిపి కోర్టు మీద ఉన్నది మూడు నిమిషాల దాకా. తర్వాత తైవాన్ వెళ్లి అక్కడి డాసిన్ టైగర్స్ జట్టుకు ఆడాడు. ఎన్‌బీఏ తలుపు మూసుకున్నా ఆట బతికింది.

ఫ్రిస్కో దాకా వెళ్లిన బల్లో కే కుర్రాడు

అదే ఏడాది జూన్‌లో ఇంకో పేరు దేశమంతా మోగింది. పంజాబ్‌లోని బల్లో కే గ్రామానికి చెందిన రైతు కొడుకు సత్నామ్ సింగ్. ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. లూథియానా అకాడమీలో ఆట నేర్చుకుని, 2010లో 14 ఏళ్ల వయసులో స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని ఫ్లోరిడా వెళ్లాడు. అప్పటికి ఇంగ్లిష్ రాదు. 2015 డ్రాఫ్ట్‌లో డల్లాస్ మావెరిక్స్ 52వ పేరుగా అతన్ని ఎంచుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి ఆటగాడు అతనే.

మనదగ్గర చాలామంది దీన్ని ఎన్‌బీఏలో చేరడం అనుకున్నారు. కానీ రెండో రౌండ్‌లో ఎంపికైనవాడికి జట్టు కాంట్రాక్ట్ ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. డల్లాస్ ఇవ్వలేదు. తన అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్‌కు పంపింది. ఆ జట్టు ఆడేది ఫ్రిస్కోలో. అవును, మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉండే ఆ ఫ్రిస్కోనే. రెండు సీజన్లు అక్కడే గడిచాయి, ఎక్కువ భాగం బెంచీ మీదే.

జీతం తేడా చూస్తే ఇంకా అర్థమవుతుంది. 2015-16లో ఎన్‌బీఏ కొత్త ఆటగాడికి కనీస వేతనం 5.25 లక్షల డాలర్లు. తర్వాతి సీజన్‌లో డెవలప్‌మెంట్ లీగ్‌లో పై గ్రేడ్‌కు 26 వేలు, కింది గ్రేడ్‌కు 19 వేలు. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క సంతకం.

2018లో భారత్ తరఫున కామన్వెల్త్ గేమ్స్ ఆడాడు. 2018-19లో కెనడా లీగ్‌లో సెయింట్ జాన్స్ ఎడ్జ్ జట్టుకు వెళ్లాడు. ఇష్ స్మిత్‌లా ఊళ్లు తిరుగుతూ నిలదొక్కుకునే దశ అది. అప్పుడే 2019 నవంబరులో బెంగళూరు శిబిరంలో డోప్ పరీక్షలో హైజెనమిన్ బయటపడింది. నాడా రెండేళ్ల నిషేధం వేసింది. అది 2021 నవంబరుతో ముగిసింది. దానికి కొన్ని వారాల ముందే అతను అమెరికా రెజ్లింగ్ సంస్థ ఏఈడబ్ల్యూతో ఒప్పందం చేసుకున్నాడు. 2022 ఏప్రిల్‌లో టీవీలో కనిపించాడు, ఈసారి రింగ్‌లో. అప్పటికి వయసు 26 ఏళ్లే. స్మిత్‌కు డెట్రాయిట్ పిలుపు వచ్చింది 28వ ఏట.

మరి ఇక్కడ?

తేడా ప్రతిభలోనే లేదు. స్మిత్‌ను ఒకరు వదిలితే తీసుకోవడానికి ఇంకో 29 జట్లు అదే లీగ్‌లో ఉన్నాయి. మన దేశంలో 2015లో యూబీఏ పేరుతో ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. హైదరాబాద్ స్కై, బెంగళూరు బీస్ట్, చెన్నై స్లామ్ లాంటి జట్లు వచ్చాయి. 2017 తర్వాత ఆగిపోయింది. విదేశాలే దిక్కయ్యాయి. అమృత్‌పాల్ సింగ్ ఆస్ట్రేలియాలో సిడ్నీ కింగ్స్‌కు, అమ్‌జ్యోత్ సింగ్ జపాన్ తర్వాత ఓక్లహోమా సిటీ బ్లూకు ఆడారు. అంత దూరం వెళ్లినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

మిగతా వాళ్లకు బాస్కెట్‌బాల్ అంటే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. రైల్వే, సర్వీసెస్, ఓఎన్‌జీసీ, చెన్నైలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, ఇండియన్ బ్యాంక్, ఐసీఎఫ్ జట్లు. బెంగళూరులో విజయా బ్యాంక్ జట్టుకు పెద్ద పేరుండేది. 2019 ఏప్రిల్ 1న ఆ బ్యాంకే బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిపోయింది. కుప్పం స్టేషన్ బెంగళూరు–జోలార్‌పేట లైన్‌లోనే ఉంది కాబట్టి ఇక్కడి పిల్లలకు ఈ రెండు నగరాలూ ఒకే రైలు దూరం. చెన్నై బ్యాంకులో కోర్టు మీద ఆడే కుర్రాడికి జట్టు మారాల్సిన పని లేదు. మోకాలు పోయినా నెల జీతం వస్తుంది. ఆ భరోసా స్మిత్‌కు 13 జట్లలో ఎక్కడా దొరకలేదు. అందుకే ఇంట్లో పెద్దలు కోటా ఉద్యోగం వైపు చూపించడంలో తప్పు పట్టడానికి లేదు.

2025 జనవరిలో ఐఎన్‌బీఎల్ ప్రో పేరుతో ఆరు జట్ల లీగ్ ఢిల్లీలో మొదలైంది. అందులో హైదరాబాద్ ఫాల్కన్స్ ఒకటి. ఒక జట్టు వదిలేస్తే అడగడానికి ఇంకో ఐదు ఉన్నాయి.