మూడు తోవల్లో వచ్చిన గ్రంథాలయం

నేను ఆరో తరగతి చదువుతుండగా మా ఊరి జిల్లా మారింది. అప్పటిదాకా పామూరు నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలో ఉండేది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. రెండేళ్ళకు దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. గుంటూరు నుంచి ఒంగోలు, చీరాల వైపు ఊళ్ళు, నెల్లూరు నుంచి కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు విడివడి వచ్చి ఒకచోట చేరాయి. మూడు జిల్లాలకూ అక్కర్లేని మెట్ట నేలలన్నీ కలిపి మన నెత్తిన పెట్టారని మా పెద్దవాళ్ళు అనుకునేవాళ్ళు. తెలుగు పంతులుగా పని చేస్తూ ఈ ప్రాంతం చదువుల కథ వెతుక్కుంటూ పోతే నాకు ఇంకో సంగతి కనబడింది. ఆ మూడు వైపుల నుంచీ మూడు రకాల గ్రంథాలయ వారసత్వం కూడా మనకు వచ్చింది.

మొదటిది గుంటూరు వైపు నుంచి వచ్చింది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన గ్రంథాలయాల మహాసభ జరిగింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ పనినే బతుకు చేసుకున్నారు. సర్కారు సొమ్ము లేదు, చట్టం లేదు. ఊరి కుర్రాళ్ళు చందాలు పోగేసి, ఒక గది అడిగి పుచ్చుకుని, తలా నాలుగు పుస్తకాలు తెచ్చి పెట్టేవాళ్ళు. 1918లో వేటపాలెంలో యువజనులు పెట్టిన సారస్వత నికేతనం అలాంటిదే. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. పాత పత్రికల సంపుటాల కోసం దేశదేశాల పరిశోధకులు ఆ ఊరికి వస్తారు. వేటపాలెం 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది గానీ, అంతకు ముందు యాభై ఏళ్ళకు పైగా అది మా జిల్లా గ్రంథాలయమే.

ఆ రోజుల్లో గ్రంథాలయం అంటే బీరువా ఒక్కటే కాదు. చదువు రానివాళ్ళకు పుస్తకం చదివి వినిపించేవాళ్ళు. ఉపన్యాసాలు పెట్టించేవాళ్ళు, రాత్రి బడి నడిపేవాళ్ళు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పించారు. గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్ళకు తెలుగులోనే శిక్షణ తరగతులు నడిపించారు. మా పామూరు వైపు కాలువా లేదు, పడవా లేదు. వాన పడితేనే కంది, లేకపోతే వలస. పుస్తకం ఇక్కడికి ఆలస్యంగా చేరింది. కానీ చదివి వినిపించడమనే ఆచారం మాత్రం పుస్తకం కంటే ముందే వచ్చింది. మా నాయనకు అక్షరం రాదు. పొద్దున్నే టీ అంగడి బల్ల మీద నన్ను కూర్చోబెట్టి ఆంధ్రప్రభ చేతికిచ్చేవాడు. చుట్టూ మరో నలుగురు రైతులు చేరేవాళ్ళు. "ఏందిరా అబ్బయ్యా, వానల సంగతి ఏమన్నా రాసినారా?" అని అడగడంతో మొదలయ్యేది. వానల సంగతి అయ్యాక ధరలు, ధరల తర్వాత ఢిల్లీ కబుర్లు. నాకు నోరు తిరగని మాట వస్తే ఎవరో ఒకరు అందించేవాళ్ళు. ఆ అంగడికి ఏ బోర్డూ లేదు. అక్కడ జరిగింది మాత్రం గ్రంథాలయం పనే.

రెండో తోవ కర్నూలుది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1883లో కర్నూల్లో పుట్టారు. విజ్ఞాన చంద్రికా మండలి వేసిన మొట్టమొదటి పుస్తకం, అబ్రహాం లింకన్ చరిత్ర, ఆయన రాసిందే. 1908లో స్వరాజ్య పత్రికలో రాసినదానికి జైలుకు వెళ్ళారు. తెలుగునాట తొలి రాజకీయ ఖైదీగా ఆయన పేరు చెబుతారు. తర్వాతి జీవితమంతా ఆయన రెండు పనుల్ని జంటగా పట్టుకున్నారు: గ్రంథాలయోద్యమం, వయోజన విద్య. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని ముందుండి నడిపించారు. పెద్దవాళ్ళకు చదువు నేర్పకుండా ఊళ్ళో పుస్తకాలు పెడితే ఎవరు చదువుతారు? చదువు నేర్పి చేతికి పుస్తకం అందించకపోతే నేర్చుకున్నది ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఈ రెండు ప్రశ్నలకూ ఒకటే జవాబని తన పనితో చూపించిన మనిషి ఆయన. ఆయన పుట్టిన జిల్లాలోనే అప్పుడు మార్కాపురం ఉండేది. మార్కాపురం దగ్గరి రాయి చీల్చి చెక్కిన పలకలే దేశమంతా పిల్లల చేతుల్లోకి వెళ్ళాయి.

మూడోది నెల్లూరు తోవ. ఇది నా కళ్ళ ముందు జరిగింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రి బడుల్లో ఆడవాళ్ళు చదివిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడు వల్ల ఒక ఇల్లాలి బతుకు ఏమైందో చెప్పే కథ. ఉదయగిరి వైపున్న దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్ళు పుస్తకం మూసి ఊరుకోలేదు. తమ ఊళ్ళో సారా అంగడి మూయించారు. వాళ్ళలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఊరి పోరాటమే తర్వాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమైంది. అది చదివి మిగతా ఊళ్ళు కదిలాయి. సారా వేలం పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఒక పాఠం ఊరిని కదిలించడం, ఆ ఊరి కథే మళ్ళీ పాఠం కావడం ఎంత గొప్ప సంగతో పంతులుగా నేను ఇప్పటికీ తలుచుకుంటాను.

ఆ ఊపులో మా పల్లెల్లోనూ రాత్రి బడులు నడిచాయి. నేనూ ఒక బడికి వెళ్ళి చెప్పేవాణ్ణి. పొద్దంతా కూలికి పోయి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చేవాళ్ళు. కొడవలి పట్టిన వేళ్ళకు బలపం నిలిచేది కాదు. ఒకామె తన పేరు రాసి, తుడిచి, మళ్ళీ రాసి, మర్నాడు చూసుకుంటానని పలకను కొంగులో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. అక్షరం చెరిగిపోకుండా అంత జాగ్రత్తగా ఎత్తుకుపోయిన మనిషిని నేను బళ్ళో ఎన్నడూ చూడలేదు.

ఈ మూడు వైపుల గ్రంథాలయాలూ ఇప్పుడు నడిచేది 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం కింద. అంతకు ముందు ఉన్న 1948 మద్రాసు గ్రంథాలయాల చట్టం గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషి ఫలం. చందాలతో నడిచే సంస్థ ఊరి వాళ్ళ ఓపిక ఉన్నన్నాళ్ళే నిలుస్తుంది. అందుకే చట్టం గ్రంథాలయ పన్ను పెట్టింది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని కింద శాఖలు ఏర్పడ్డాయి. పంచాయతీ ఇచ్చే ఇంటి పన్ను రశీదు ఒకసారి తీసి చూడండి. నీటి పన్ను, దీపాల పన్ను పక్కనే గ్రంథాలయ పన్ను అని ఒక గడి ఉంటుంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. 600 రూపాయలు కట్టే ఇల్లు గ్రంథాలయానికి 48 రూపాయలు ఇచ్చినట్టు. పుస్తకం ముట్టని ఇల్లు కూడా ఆ డబ్బు కడుతోంది. కాబట్టి అక్కడ జరిగే ప్రతి తరగతిలోనూ, ప్రతి సభలోనూ ఆ ఇంటికి వాటా ఉంది.

నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, పాటలు, ముగ్గుల పోటీలు పెడతారు, చివరి రోజు బహుమతులిస్తారు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు కథలు చదివించే శిబిరాలు నడుస్తాయి. మిగతా రోజుల్లో పొద్దున పేపర్ల దగ్గర పెద్దవాళ్ళు, సాయంత్రం డీఎస్సీకో కానిస్టేబుల్ పరీక్షకో చదివే కుర్రాళ్ళు కనిపిస్తారు. హైదరాబాదులో కోచింగుకు వేలు పోయలేని ఇంటి పిల్లకు తెలుగు అకాడమీ పుస్తకం, కూర్చోవడానికి కుర్చీ, తిరుగుతున్న ఫ్యాను దొరికితే అదే పెద్ద ఆసరా. గ్రంథాలయంలో ముగ్గుల పోటీ ఏంటని కొందరు పెదవి విరుస్తారు. ముగ్గు వేయడానికి వచ్చిన అమ్మాయి బహుమతిగా పుస్తకం తీసుకుని వెళ్తుంది, మర్నాడు ఇంకో పుస్తకం కోసం వస్తుంది. వందేళ్ళ కిందట ఉపన్యాసాలు, రాత్రి బడులు చేసిన పని కూడా ఇదే. జనం గడప దాటి లోపలికి రావాలి.

జరగవలసింది ఇంకా ఉంది. చాలాచోట్ల పంచాయతీలు వసూలు చేసిన గ్రంథాలయ పన్ను సంస్థలకు సకాలంలో చేరడం లేదు. ఖాళీ అయిన పోస్టులు నిండటం లేదు. ఒకే మనిషి తలుపు తీసి, ఊడ్చి, పుస్తకాలిచ్చి, పోటీలూ నడపాలంటే ఏడాదంతా తరగతులు ఎలా జరుగుతాయి? మా వైపు ఆడవాళ్ళకు సాయంత్రం ఒక గంట కావాలి: బ్యాంకు కాగితాలు, ఫోనులో డబ్బు లెక్కలు, మందుల చీటీ చదవడం నేర్పే గంట. కళ్ళు ఆననివాళ్ళకు పేపరు చదివి వినిపించే కుర్రాళ్ళు కావాలి. కొత్త పథకం పేరేదీ అక్కర్లేదు. ఇవన్నీ వేటపాలెంలో, దూబగుంటలో మన వాళ్ళు చేసి చూపించిన పనులే. గాడిచర్లవారు జీవితమంతా అడిగింది ఇదే. గ్రామసభలో గ్రంథాలయం మాట ఎత్తండి, పన్ను ఎంత వసూలైందో, ఎంత చేరిందో అడగండి. డబ్బు కడుతున్నది మనం. అడగవలసిందీ మనమే.