వాయిదా పడిన దీవి

సింగపూర్‌లో చాంగీ రేవు నుంచి పడవెక్కితే పది, పదిహేను నిమిషాల్లో పులావ్ ఉబిన్ వస్తుంది. పన్నెండు మంది పోగైతేనే పడవ కదులుతుంది, అచ్చం మన షేర్ ఆటోలాగే. సెలవు రోజుల్లో సైకిళ్లు తొక్కడానికీ, హార్న్‌బిల్ పక్షుల్ని చూడటానికీ నగరం జనం అక్కడికి వెళ్తుంటారు. "ఒకప్పటి సింగపూర్‌ని చూడాలంటే ఉబిన్ వెళ్లాలి" అంటారు. ఈ మాట సగమే నిజం. చెయ్యి పడని ప్రకృతి కాదది. నగరం వాడుకుని వదిలేశాక మిగిలిన ప్రకృతి.

మలయ్ భాషలో 'పులావ్' అంటే దీవి, 'ఉబిన్' అంటే నేలకి పరిచే పలక. రాయి ఆ పేరులోనే ఉంది. 1851లో పూర్తయిన హార్స్‌బర్గ్ దీపస్తంభానికి ఇక్కడి గ్రానైటే వాడారు. సింగపూర్‌ని జొహోర్‌తో కలుపుతూ 1924లో తెరిచిన కాజ్‌వేకీ ఇక్కడి రాయి వెళ్లింది. నగరం పైకి లేచినకొద్దీ దీవి కిందికి దిగింది. చివరి క్వారీ 1999లో మూతపడింది. ఇవాళ మనం ఫొటోలు తీసుకునే పచ్చటి సరస్సులు నీళ్లు నిండిన ఆ గోతులే. అడవిలో చాలా భాగం కూడా పాత రబ్బరు తోటల మీద మళ్లీ మొలిచిందే. పని పోయాక మనుషులూ వెళ్లిపోయారు. ఒకప్పుడు వేలల్లో ఉన్న జనం ఇప్పుడు పదుల్లోకి వచ్చారు. మనం మెచ్చుకునే ఆ నిశ్శబ్దం వెనక ఖాళీ అయిన ఇళ్లున్నాయి.

రాయి తియ్యడం అయ్యాక, మట్టి పొయ్యడం వంతు వచ్చింది. సముద్రాన్ని పూడ్చి నేల చేసుకోవడం సింగపూర్‌కి అలవాటైన విద్య. నైరుతి తీరంలో ఏడు చిన్న దీవుల్ని అలా కలిపేసే జురాంగ్ ఐలాండ్ అనే పెట్రో రసాయనాల దీవిని తయారుచేశారు. ఉబిన్ తూర్పు కొసన ఉన్న చెక్ జావా తీరం కూడా ఆ జాబితాలోకి ఎక్కింది. 2001లో ప్రకృతి ప్రేమికులు, వాలంటీర్లు పోటు తీసిన వేళ ఆ బురదలో దిగి, సముద్ర నక్షత్రాల్నీ, సముద్రపు గడ్డినీ, మడ చెట్లనీ లెక్కగట్టి ప్రభుత్వం ముందు పెట్టారు. పూడ్చేలోగా ఒక్కసారి చూసొద్దామని జనం బారులు తీరారు. ఆ డిసెంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

అయితే పథకాన్ని రద్దు చెయ్యలేదు, వాయిదా వేసింది. అభివృద్ధికి ఆ నేల అవసరం పడనంతకాలం పూడ్చం అన్నది. సాఫ్ట్‌వేర్‌వాళ్లకి ఈ తేడా బాగా తెలుసు: 'క్లోజ్' చేసిన టికెట్ వేరు, 'డిఫర్' చేసిన టికెట్ వేరు. రెండోది ఏదో ఒక స్ప్రింట్‌లో మళ్లీ బల్లమీదికి వస్తుంది.

నిజానికి ఆ వాయిదా చిన్న విజయమేం కాదు. అంగుళం నేలకి లెక్క చూసే దేశంలో, బురదలో బతికే జీవాల జాబితా ఒక పథకాన్ని ఆపగలిగింది. 2007లో అక్కడ వంతెన దారి తెరిచారు. దాని మీద నడిచే పిల్లలకి చెప్పాల్సింది చెట్ల పేర్లే కాదు, ఆ షరతు గురించి కూడా. ఇలాంటి చోట కాపాడటం అంటే ఒకసారి గెలిచి ఇంటికెళ్లడం కాదు. ప్రతి తరమూ ఆ వాయిదాని పొడిగించుకుంటూ పోవడం.