మార్బర్గ్‌లో పదిహేనవ అంశం



“ఎవరి సత్యం వారిది, వాదన ఎందుకు?” అనే మాట ఈ మధ్య మన యవనస్థుల నోట తరచుగా వింటున్నాము. వినడానికి అది శాంతిగానే ఉంటుంది. అయితే సంఘ చరిత్రలో జరిగిన ఒక సంగతిని జ్ఞాపకం చేసుకుందాము.

1529 అక్టోబరులో జర్మనీలోని మార్బర్గ్ కోటకు హెస్సె పాలకుడైన ఫిలిప్ సంస్కర్తలను పిలిపించాడు. ఒకవైపు మార్టిన్ లూథరు గారు, మరోవైపు జ్యూరిక్ సేవకుడు జ్వింగ్లీ గారు. వివాదం ప్రభువు బల్లను గూర్చి. రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉందని లూథరు గారి బోధ. ప్రభువు శరీరం పరలోకంలో ఉంది, రొట్టె దానికి గుర్తు అని జ్వింగ్లీ గారి బోధ. రొట్టెను తన శరీరమని ప్రభువు చెప్పిన మాటను లూథరు గారు సుద్దముక్కతో బల్లమీద రాసుకుని, దాని నుండి కదలలేదు.

చివరికి 15 అంశాలు రాశారు. త్రిత్వము, విశ్వాసము, బాప్తిస్మము మొదలైన 14 అంశాల్లో ఏకీభవించారు. 15వ అంశంలో కూడా బల్లను గూర్చి కొన్ని సంగతులు ఒప్పుకుని, క్రీస్తు శరీరం రొట్టెలో ఉందా అన్న ఒక్క సంగతిలో ఒప్పుకోలేదని దాచకుండా రాశారు. మనస్సాక్షి అనుమతించినంతవరకు ఒకరినొకరు ప్రేమించాలనీ, సరైన గ్రహింపు కోసం దేవునికి ప్రార్థించాలనీ చేర్చి ఇద్దరూ సంతకం చేశారు.

గమనించండి. “నీ సత్యం నీది” అని వారిలో ఎవ్వరూ అనలేదు. ప్రభువు మాటకు అర్థం ఒక్కటేనని ఇద్దరూ నమ్మారు గనుకనే కలిసి కూర్చుని వాక్యాన్ని వెదికారు. సత్యమే లేకపోతే ఎవరినీ సరిదిద్దలేము, మనమూ దిద్దుబాటు పొందలేము. గట్టిగా అరిచినవాడి మాటే నిలుస్తుంది.

అయితే వారు సంతకం చేసిన ప్రేమను నిలుపుకోలేకపోయారు. సహవాసం కోసం జ్వింగ్లీ గారు కన్నీళ్లతో అడిగినా, లూథరు గారు ఆయనను సహోదరుడని ఒప్పుకోలేదు. 1531లో జ్వింగ్లీ గారు కాప్పెల్ యుద్ధంలో చనిపోయారు. ఇక ముఖాముఖిగా కలిసే అవకాశం లేకపోయింది. ఐరోపాలోని లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలు బల్ల సహవాసానికి ఒప్పుకున్నది 1973లో, అంటే 444 ఏళ్లకు!

ఈ భేదం మన ఊళ్లకూ వచ్చింది. 1842లో గుంటూరుకు వచ్చిన ఫాదర్ హయ్యర్ గారు లూథరన్. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో సేవ చేసినవారు బాప్టిస్టులు. బల్లను గూర్చి వీరి బోధ జ్వింగ్లీ గారి బోధకు దగ్గర. నేడు ఆ సంఘాలవారు వియ్యమందుకుంటున్నారు, ఒకే పందిట్లో భోజనం చేస్తున్నారు. బల్ల మాట వస్తే మాత్రం ముఖం తిప్పుకుంటున్నారు.

ప్రియులారా, తానే సత్యమని ప్రభువు చెప్పాడు. మనమైతే ఇప్పుడు కొంతమట్టుకే ఎరుగుదుమని పౌలు గారు ఒప్పుకున్నారు. కాబట్టి అవతలి సంఘం వారితో మాట్లాడేటప్పుడు ముందు మనం కలిసే 14 సంగతులు చెప్పుకుందాము. 15వ దాన్ని దాచవద్దు, దాని కోసం చెయ్యి వెనక్కి తీసుకోవద్దు. వారి పేరు పెట్టి ప్రార్థిద్దాము. ఆమెన్.