అన్ని బాణాలు ఎక్కడివి?

భారత యుద్ధపర్వాలు పాఠం చెప్పిన ప్రతి తెలుగు పండితుడూ ఈ ప్రశ్నను ఎదుర్కొనే ఉంటాడు. "మాస్టారూ, అన్ని బాణాలు ఎక్కడివండీ?" నా తరగతిలో ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. అడగని సంవత్సరం నాకే వెలితిగా ఉండేది. 2017లో బాహుబలి రెండవ భాగం వచ్చినప్పుడు, తాటిచెట్లను వంచి, డాళ్లు కప్పుకొన్న సైనికుల గుంపులను కోటలోకి విసిరిన దృశ్యాన్ని గూర్చి మా వీధి పిల్లలు ఇదే వాదన చేసుకొన్నారు. అద్భుత కథలో వీరుని పరాక్రమాన్ని ఎంతవరకు నమ్మవచ్చును?

ఈ వివాదం పాతదే. తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం మూడవ ఉద్ద్యోతంలో దీనిని చర్చించాడు. కేవలం మనుష్యుడైన రాజు ఏడు సముద్రాలను లంఘించాడని వర్ణిస్తే, ఆ వర్ణన ఎంత సొగసుగా ఉన్నా నీరసమే అవుతుందన్నాడు. దానికి కారణం అనౌచిత్యం. ఆ వెంటనే తానే ఆక్షేపణ తెచ్చాడు: సాతవాహనుడు మొదలైనవారు నాగలోకానికి వెళ్లినట్లు వింటున్నాము కదా? మన ఆంధ్రదేశాన్ని ఏలిన సాతవాహనుల పేరు అక్కడ కనిపించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆయన సమాధానం ఇది: రాజుల ప్రభావాన్ని అతిశయించి చెప్పవద్దని అనలేదు, ఎవరిని గూర్చి లోకం ఎంత ఘనకార్యం వినియున్నదో, అంతవరకు చెబితే ఒప్పుతుంది. కల్పిత కథలోని వట్టి మానవునికి దివ్యత్వం అతికిస్తే ఒప్పదు.

అంటే పని సాధ్యమా అసాధ్యమా అన్నది కాదు, ఆ పని ఆ మనిషికి తగునా అన్నది ప్రశ్న. నేను దీనికి ఇంకొకటి కలుపుతాను. ఆ పనికి మూల్యం ఎవరు చెల్లించారు?

భీష్ముణ్ణి తీసుకొందాము. దినానికి పదివేల మంది యోధులను, వేయిమంది రథికులను కూలుస్తానన్నాడు. పన్నెండు గంటల పగటిలో 43,200 సెకన్లు. నాలుగు సెకన్లకు ఒకడు చొప్పున, విరామం లేకుండా, గురి తప్పకుండా, పది రోజులు! మధ్యయుగాల ఇంగ్లీషు విలుకాండ్రు మహా అయితే నిమిషానికి పది పన్నెండు బాణాలు వేయగలిగేవారు. ఒక కట్టలో ఉండేవి 24. అంటే రెండు మూడు నిమిషాల్లో కట్ట ఖాళీ. లెక్క ప్రకారం భీష్ముని ప్రతిజ్ఞ నిలవదు. సరే, నిలవనక్కరలేదు. ఆయన గంగాపుత్రుడు, స్వచ్ఛంద మరణం వరంగా పొందినవాడు. ఔచిత్యం కుదిరింది.

అయితే వ్యాసభారతం ఔచిత్యంతో ఆగలేదు. పిల్లవాడు అడగబోయే ప్రశ్న కవికి ముందే తెలుసు. అందుకే ఖాండవ దహన వేళ అగ్ని కోరగా వరుణుడు అర్జునునికి గాండీవంతో పాటు అక్షయ తూణీరాలను ఇస్తాడు. ఆ భాగ్యం అశ్వత్థామకు లేదు. కనుక కర్ణపర్వంలో, పాండ్యరాజుతో పోరాడేటప్పుడు, ఎనిమిదేసి ఎద్దులు లాగే ఎనిమిది బండ్ల ఆయుధాలను దినంలో ఎనిమిదవ భాగానికే ఖర్చు చేశాడని లెక్క చెబుతాడు. అరవైనాలుగు ఎద్దులు! ఆ ఎద్దులు కనపడిన క్షణంలో నేను ఆ బాణవర్షాన్ని నమ్ముతాను.

సైంధవ వధ నాడు జరిగినది ఇంకా గొప్ప. పద్నాలుగవ రోజు, పొద్దు వాలేలోగా చేరకపోతే ప్రతిజ్ఞాభంగం. అటువంటి సమయంలో అర్జునుని గుర్రాలు అలసిపోయాయి, దప్పిగొన్నాయి. శత్రుసేన నడుమ రథం ఆపి, అతడు నేలమీద నిలిచి యుద్ధం చేస్తూ, అస్త్రంతో సరస్సు కల్పించాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, వాటి ఒంటి నుండి బాణాలు పెరికి, ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించాడు. బాణంతో చెరువు తవ్వడం అసంభవమే. గుర్రాల దప్పిక మాత్రం అసంభవం కాదు.

ఇటువంటివి కవి లోకం చూసి వ్రాశాడా అంటే, గ్రీకు రచనలు కొంత వెలుగు చూపిస్తాయి. భారతీయుల విల్లు మనిషంత పొడవుంటుందని, దానిని నేలకు ఆనించి ఎడమ పాదంతో అదిమి లాగుతారని, బాణం ఇంచుమించు మూడు మూరలని అలెగ్జాండరు వెంట వచ్చిన నియార్కసు చెప్పాడు. క్రీ.పూ. 326లో ఝీలం ఒడ్డున పురుషోత్తముని సేనకు వాన శత్రువైంది. రథానికి ఆరుగురు చొప్పున ఎక్కిన ఆ బరువైన బండ్లు బురదలో దిగబడ్డాయని కర్టియస్ వ్రాశాడు. కర్ణుని రథచక్రం క్రుంగడానికి భారతంలో శాపం కారణం. శాపం తీసివేసినా బురద మిగులుతుంది.

అస్త్రాలంటే నేటి క్షిపణులే అనేవారి వాదం నాకు రుచించదు. అంతా పుక్కిటి పురాణమే అనేవారిదీ అంతే. ఇద్దరికీ ఆ ఎద్దులు, ఆ గుర్రాలు కనపడవు. నేటి అద్భుత నవలల్లో, సినిమాల్లో నాకు తోచే లోపమూ అదే. వీరుడు నూరుగురిని పడగొడతాడు, అతని భుజం నొప్పి పుట్టదు, కత్తి మొక్కపోదు.

అదే పద్నాలుగవ నాటి రాత్రి కూడా యుద్ధం సాగింది. దుర్యోధనుడు కాల్బలాన్ని ఆయుధాలు దింపి దీపాలు పట్టుకొమ్మన్నాడు. రథానికి ఐదు, ఏనుగుకు మూడు దీపాలు. ఘటోత్కచుడు కూలాడు. అర్ధరాత్రి దాటాక నిద్రతో కళ్లు మూతలు పడి, ఎవరు తనవారో ఎవరు పరులో తెలియక చేతికందినవారిని నరుకుతున్న సైనికులను చూసి, చంద్రోదయం దాకా పడుకోండని అర్జునుడు అరిచాడు. రెండు సేనలూ అతణ్ణి దీవించాయి. ఏనుగుల మెడల మీద, గుర్రాల వీపుల మీద, రథాలలో, వట్టి నేల మీద ఎక్కడివారు అక్కడే ఒరిగి నిద్రపోయారు. తరువాత చంద్రుడు వచ్చాడు. లేచి మళ్లీ మొదలుపెట్టారు.