రోగవార్తకు హద్దు

మశూచి సోకిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టు ఆచారము మన తెలంగాణ పల్లెలలో చిరకాలము సాగెను. అమ్మవారు పోసిన యిల్లని పొరుగువారు దానిని చూచియే గ్రహించి రాకపోకలు మానుకొనెడివారు. ఆ వార్తను వెల్లడించినవారు ఇంటివారే; అది చేరవలసినంత మేరకే చేరెడిది.

బొంబాయిలో 1896లో ప్లేగు చెలరేగగా, మరుసటి యేట బ్రిటిషు ప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును గావించెను. ప్రయాణికులను పరీక్షించుటకును, రోగులను వేరుపరచుటకును అధికారమిచ్చి, సద్బుద్ధితో పనిచేసిన యుద్యోగికి రక్షణ కల్పించిన ఆ స్వల్పశాసనము, రోగి వివరములను ఎవరికి, ఎంతవరకు చెప్పవచ్చునో మాత్రము పలుకలేదు.

2020 నాటికిని అమలులోనున్న ఆ చట్టపు మౌనమునకు ఫలితము కరీంనగరమున కానవచ్చినది. ఢిల్లీనుండి రామగుండమునకు రైలులో వచ్చి, కరీంనగరమున బసచేసిన ఇండోనేషియా మతప్రచారకులు పదిమందికి కోవిడ్ సోకినదని 2020 మార్చి మూడవ వారమున తేలగా, కలెక్టరేటు పరిసరములలో మూడు కిలోమీటర్ల మేర వైద్యబృందములు ఇంటింటికి తిరిగి ఆరా తీసినవి. వారెక్కిన రైలు, కూర్చున్న పెట్టె, తిరిగిన చోట్లు, ఆ దినములు ప్రకటింపక తప్పదు; తోడి ప్రయాణికులు పరీక్షకు వచ్చుటకు అదియే ఆధారము. అందులకు రోగుల సమ్మతికై వేచియుండుట సాధ్యమును కాదు, ధర్మమును కాదు. కాని ఆ సమాచారముతోపాటు వారి దేశమును, మతమును ఊరూర చర్చకు వచ్చినవి. వానివలన ఒక్క ప్రయాణికుని ఆచూకియు అదనముగా తెలియదు, అనుమానము మాత్రము పెరుగును. రోగుల పేర్లను, వారి నివాసప్రాంతమును సామాజిక మాధ్యమములలో వ్యాపింపజేయరాదని కేంద్ర ఆరోగ్యశాఖ ఏప్రిల్ 8న హెచ్చరింపవలసివచ్చెను.

వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24న తీర్పుచెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనములో ప్రధానాభిప్రాయము, రోగి యెవరో తెలియనీయకుండ కాపాడినయెడల ఆ సమాచారమును ప్రజారోగ్య ప్రణాళికలకు వాడవచ్చునని విడమరచినది. రోగుల ఇండ్లకు నోటీసులంటించుటను, విపత్తు నిర్వహణ చట్టము క్రింద అధికారుల ప్రత్యేకాదేశమున్నగాని చేయరాదని అదే న్యాయస్థానము 2020 డిసెంబరు 9న నిర్ణయించెను.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, అంటువ్యాధి కాలమున వైద్యసేవలందించుటకై సమ్మతి లేకయే సమాచారమును వినియోగించుటకు తావిచ్చినది. అది సముచితమే, కాని సమ్మతి యడుగు వ్యవధి లేనినాడు రోగి తరపున రోగవార్త హద్దును కాపాడవలసినవాడు అధికారియే కనుక, ప్రతి వివరమును వెలువరించుటకు ముందు, ఇది ఏ ప్రాణమును కాపాడునని తన్ను తాను ప్రశ్నించుకొనుట అతని విధి.